కొలత ఎవరి చేతికి, ఎప్పుడు? – నగర ప్రభుత్వ ఉన్నత పాఠశాల పనితీరు, వాతావరణాల అంచనాలో షికాగో అనుభవం

విషయ ప్రస్తావన

ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఎలా నడుస్తున్నదో తెలుసుకొనే హక్కు అక్కడికి పిల్లలను పంపే తల్లిదండ్రులకు, దాని ఖర్చు భరించే ప్రజలకు, అందులో పాఠం చెప్పే ఉపాధ్యాయులకు సమానంగా ఉంది. ఆ హక్కును నెరవేర్చే పేరుతో గత అరవై ఏళ్లలో అనేక దేశాల విద్యాశాఖలు రకరకాల కొలమానాలు తయారుచేశాయి; వాటిలో కొన్ని చదువు మానబోతున్న పిల్లలను బడిలో నిలబెట్టాయి, మరికొన్ని ఉపాధ్యాయులను భయపెట్టి జవాబు పత్రాలు దిద్దే దాకా తీసుకుపోయాయి. ఈ రెండు ఫలితాలూ ఒకే నగరంలో, ఒకే యంత్రాంగం కింద, దాదాపు ఒకే తరంలో కనిపించిన చోటు అమెరికాలోని షికాగో. అందుకే ఈ ఉపన్యాసం ఆ నగరాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నది.

ఇక్కడ ప్రతిపాదిస్తున్న విషయం ఒక్కటే. కొలమానం ఎంత సూక్ష్మంగా ఉందన్నది ముఖ్యమే అయినా, అది పిల్లవాడికి మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది నిర్ణయించేది మాత్రం ఆ సూక్ష్మత కాదు. ఆ కొలత ఎవరి చేతికి, ఏ సమయంలో అందుతుందన్నది. పిల్లవాడు ఇంకా తరగతిలో ఉండగానే అతని పేరు ఎరిగిన ఉపాధ్యాయుని చేతికి అందిన అంకె సహాయానికి దారితీస్తుంది. అతడు బడి విడిచిన తరువాత, అతని ముఖం ఎరుగని అధికారి చేతికి అందిన అదే అంకె తీర్పుగా మిగులుతుంది.

పనితీరు, వాతావరణం: మాటల అర్థాలు

పాఠశాల పనితీరు అన్నప్పుడు మూడు వేర్వేరు విషయాలు ఒకే మాటలో కలిసిపోతుంటాయి. మొదటిది స్థాయి: ఒక సంవత్సరం పరీక్ష రాసిన పిల్లలు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారన్నది. రెండవది ఎదుగుదల: బడిలో చేరిననాటి స్థితి నుంచి పిల్లవాడు ఎంత ముందుకు వచ్చాడన్నది. మూడవది నిలకడ: చేరినవారిలో ఎందరు మధ్యలో జారిపోకుండా చివరి తరగతి పూర్తిచేశారన్నది. స్థాయిలో ఇంటి ఆదాయం, తల్లి చదువు, చిన్ననాటి పోషణ అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి అది బడి చేసిన పనిని ఒంటరిగా చూపలేదు. ఎదుగుదల, నిలకడ మాత్రం బడి చేతిలోని పనికి ఎక్కువ దగ్గరగా ఉంటాయి. ఒక బడి స్థాయిలో వెనుకబడి ఉండి ఎదుగుదలలో ముందుండవచ్చు, స్థాయిలో ముందుండి నిలకడలో ఘోరంగా విఫలం కావచ్చు. మూడింటినీ కలిపి ఒకే మార్కు వేసినప్పుడు ఈ తేడా కనపడకుండా పోతుంది.

పాఠశాల వాతావరణం అనే మాట భవనాన్ని, ఆవరణలోని చెట్లను సూచించదు. పిల్లలకు, ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయునికి, తల్లిదండ్రులకు మధ్య సంబంధాలు ఎలా ఉన్నాయి, నడవాల్లోనూ మరుగుదొడ్ల దగ్గరా బడి దారిలోనూ పిల్లలు భయం లేకుండా తిరగగలుగుతున్నారా, చదువు మీద బడికి గట్టి పట్టింపు ఉందా, నియమాలు అందరికీ ఒకేలా వర్తిస్తున్నాయా అనే అంశాల కలయికను విద్యా పరిశోధకులు ఆ పేరుతో పిలుస్తారు. అనుభవజ్ఞుడైన పర్యవేక్షకునికి బడిలో కాలుపెట్టిన కాసేపటికే ఇది తెలిసిపోతుంది. కాని తెలిసినదాన్ని ఇతరులు ఒప్పుకొనే రుజువుగా మార్చడం కష్టమైన పని.

ఆ రుజువుకు రెండు గుణాలు ఉండాలని బి.ఇడి. చదివిన ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు. ఒకే వస్తువును మళ్ళీ మళ్ళీ కొలిచినా దాదాపు ఒకే ఫలితం రావడం విశ్వసనీయత. కొలవదలచినదాన్నే కొలిచి మరొకదాన్ని కొలవకపోవడం సప్రమాణత. పాఠశాలల కొలమానాల చరిత్ర అంతా ఈ రెండు గుణాల కోసం జరిగిన వెతుకులాట. దానికి మూడవ గుణంగా ఉపయోగాన్ని చేర్చవలసి ఉందని షికాగో అనుభవం నేర్పింది.

కోల్మన్ ప్రశ్న, రట్టర్ జవాబు

అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం విద్యావకాశాల అసమానతలపై జాతీయ స్థాయి పరిశీలన జరగాలని ఆదేశించగా, సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ నాయకత్వంలోని బృందం సుమారు 4,000 పాఠశాలల్లో, ఆరు లక్షలకు పైగా విద్యార్థుల నుంచి సమాచారం సేకరించి 1966లో నివేదిక ఇచ్చింది. బడికి పెట్టే ఖర్చు, గ్రంథాలయం, ప్రయోగశాల వంటి వసతుల తేడాల కంటే పిల్లల ఇంటి నేపథ్యంలోని తేడాలే వారి మార్కులను ఎక్కువగా వివరిస్తున్నాయన్నది ఆ నివేదిక తేల్చిన విషయం. చాలామంది దీనిని బడి వల్ల ఏమీ కాదన్న అర్థంలో తీసుకున్నారు. నివేదిక ప్రధానంగా లెక్కపెట్టింది డబ్బుతో కొనగలిగిన వసతులను. బడి లోపల రోజూ జరిగే పనిని, మనుషుల మధ్య నడిచే మాటను అంత దగ్గరగా చూడటం అంత పెద్ద సర్వేకు సాధ్యం కాలేదు.

ఆ లోటును తీర్చే ప్రయత్నం లండన్‌లో జరిగింది. మనోవైద్యుడు మైఖేల్ రట్టర్, ఆయన సహచరులు లండన్ నగర అంతర్భాగంలోని 12 మాధ్యమిక పాఠశాలలను కొన్నేళ్లపాటు పరిశీలించి 1979లో ఒక గ్రంథం వెలువరించారు. ఐదేళ్ల వయసు నుంచి చదువు ముగిసేదాకా ఒక పిల్లవాడు బడిలో గడిపే సమయం దాదాపు 15,000 గంటలన్న లెక్కనే వారు ఆ గ్రంథానికి పేరుగా పెట్టుకున్నారు. హాజరు, ప్రవర్తన, పరీక్షా ఫలితాలు, బాలనేరాలు అనే నాలుగు విషయాల్లో ఆ పాఠశాలల మధ్య పెద్ద తేడాలు కనిపించాయి. పిల్లలు చేరేటప్పటి స్థితిని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడాలు మిగిలాయి. భవనం పాతదా కొత్తదా, బడి పెద్దదా చిన్నదా అన్నవి వాటిని వివరించలేకపోయాయి. చదువుపై పట్టింపు, తరగతిలో ఉపాధ్యాయుని నడవడి, మెచ్చుకోలు, పిల్లలకు అప్పగించే బాధ్యతలు వంటివి కలిసి ఏర్పడే బడి స్వభావమే ఫలితాలతో ముడిపడి ఉందని వారు చూపారు. పన్నెండు బడుల పరిశీలనతో కార్యకారణ సంబంధం పూర్తిగా రుజువు కాదన్న విమర్శ న్యాయమైనదే. అయినా వాతావరణం కొలవదగినదేనని, పేద పేటలోని ఉన్నత పాఠశాల భవిష్యత్తు దాని పేటతోనే రాసిపెట్టి ఉండదని ఆ గ్రంథం స్థాపించింది.

షికాగో రంగస్థలం

షికాగో ప్రభుత్వ పాఠశాలల్లో ఈ శతాబ్ది తొలి ఏళ్లలో నాలుగు లక్షలకు పైగా పిల్లలు చదివేవారు. వారిలో అత్యధికులు నల్లజాతి, లాటినో కుటుంబాలవారు, ఎక్కువమంది తక్కువ ఆదాయం గలవారు. 1987లో నాటి అమెరికా విద్యామంత్రి విలియం బెన్నెట్ ఈ నగర పాఠశాలలను దేశంలోకెల్లా అధమమైనవిగా పేర్కొన్నారు. 1988లో ఇల్లినాయ్ శాసనసభ చేసిన చట్టం ప్రతి బడికీ తల్లిదండ్రులు, స్థానికులు, ఉపాధ్యాయులు సభ్యులుగా ఎన్నికైన స్థానిక మండలిని ఏర్పరచి, ప్రధానోపాధ్యాయుని ఎంపికను సైతం దాని చేతిలో పెట్టింది. 1995లో మరో చట్టం పాఠశాలల అజమాయిషీని నగర మేయరుకు అప్పగించడంతో పరీక్ష మార్కుల ఆధారంగా బడులను పరిశీలనలో పెట్టడం, పిల్లలను అదే తరగతిలో ఆపివేయడం మొదలయ్యాయి.

ఈ రెండు మార్పుల మధ్య, 1990లో, షికాగో విశ్వవిద్యాలయంలో నగర పాఠశాలల పరిశోధనకు ఒక సంఘం ఏర్పడింది. పాఠశాలల యంత్రాంగానికి వెలుపల నిలిచి, దాని సమాచారాన్ని ఏళ్ల తరబడి భద్రపరుస్తూ, కనుగొన్నదాన్ని ముందుగా బడులకే అందించడం ఆ సంఘం ఎంచుకున్న పద్ధతి. ప్రశంసకో నిందకో కాక, పని చేసేవారి అవసరానికి పరిశోధన జరగాలన్న ఈ నియమమే తరువాతి ఫలితాలకు పునాది అయింది.

తొమ్మిదవ తరగతి: దారిలో ఉన్నవారు, దారి తప్పుతున్నవారు

అమెరికాలో ఉన్నత పాఠశాల తొమ్మిదవ తరగతితో మొదలై పన్నెండుతో ముగుస్తుంది. పిల్లవాడు ఉత్తీర్ణుడైన ప్రతి కోర్సుకు కొంత క్రెడిట్ లభిస్తుంది. నాలుగేళ్లలో నిర్ణీత క్రెడిట్లు కూడినవారే పట్టభద్రులవుతారు. 2000వ సంవత్సరం ప్రాంతంలో షికాగో ఉన్నత పాఠశాలల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాత్రమే ఇలా గట్టెక్కేవారు. మిగిలినవారు ఎందుకు జారిపోతున్నారన్న ప్రశ్నకు పేదరికం, ఇంటి పరిస్థితులు, చిన్న తరగతుల్లో రాని చదువు అనే జవాబులు సిద్ధంగా ఉండేవి; అవి అబద్ధాలు కావు, కాని వాటిలో ఏ ఒక్కటీ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది కాదు.

ఇలేన్ ఆలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నను తిప్పి వేసింది. తొమ్మిదవ తరగతి ముగిసేనాటికి కనీసం ఐదు పూర్తి కోర్సుల క్రెడిట్లు సంపాదించి, ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం అనే ప్రధాన విషయాల్లో ఒక అర్ధసంవత్సరపు కోర్సుకు మించి తప్పనివారిని ‘ఆన్-ట్రాక్’, అంటే దారిలో ఉన్న విద్యార్థులుగా లెక్కించారు. అలా దారిలో ఉన్నవారిలో 81 శాతం నాలుగేళ్లలో చదువు పూర్తిచేయగా, దారి తప్పినవారిలో 22 శాతమే పూర్తిచేశారు. పిల్లవాడి జాతి, ఇంటి ఆదాయం, పాత పరీక్షల మార్కులు వీటిలో ఏదీ ఇంత బాగా భవిష్యత్తును సూచించలేదు. ఎనిమిదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని తొమ్మిదిలో దారి తప్పినవారి కంటే, తక్కువ మార్కులతో వచ్చి తొమ్మిదిలో నిలదొక్కుకున్నవారే ఎక్కువగా గట్టెక్కారు.

2007లో వచ్చిన తదుపరి అధ్యయనం హాజరు దగ్గరికి తీసుకువెళ్లింది. తొమ్మిదవ తరగతిలో కోర్సు తప్పడాన్ని సూచించడంలో పాత పరీక్షల మార్కుల కంటే తరగతి హాజరు ఎనిమిది రెట్లు బలమైనదని తేలింది. ఎక్కువ మార్కులతో చేరి అర్ధసంవత్సరంలో రెండు వారాలు బడి మానినవారు, తక్కువ మార్కులతో చేరి ఒక్క వారమే మానినవారి కంటే సగటున ఎక్కువ కోర్సులు తప్పారు. హాజరు పట్టీ ప్రతి బడిలోనూ ఎప్పటి నుంచో ఉంది. దానిని గ్రాంట్ల లెక్కకు వాడుతూ వచ్చిన యంత్రాంగానికి అది పిల్లవాడి భవిష్యత్తు గురించి చెబుతున్న మాట మాత్రం అంతవరకు వినిపించలేదు.

తరువాత జరిగినదే ఈ అనుభవంలో అన్నిటికంటే విలువైన భాగం. నగర యంత్రాంగం ఆన్-ట్రాక్ శాతాన్ని 2003లోనే బడుల జవాబుదారీ లెక్కలో చేర్చినా కొన్నేళ్లపాటు చెప్పుకోదగ్గ మార్పు రాలేదు; సంవత్సరం ముగిశాక ప్రకటించే శాతంతో ఏ పిల్లవాడినీ వెనక్కి తేవడం సాధ్యం కాదు కనుక అది సహజమే. మార్పు మొదలైంది ఆ శాతాన్ని విడదీసి పేర్ల జాబితాగా బడికి పంపినప్పుడు. ఎనిమిదవ తరగతిలో ఎక్కువగా గైర్హాజరైనవారి, కోర్సులు తప్పినవారి పేర్లు తొమ్మిదవ తరగతి మొదట్లోనే ఉన్నత పాఠశాలకు చేరాయి. సంవత్సరం నడుస్తుండగా ఎవరు ఏ విషయంలో తప్పబోతున్నారో తెలిపే పట్టికలు కొన్ని వారాలకొకసారి వచ్చాయి. తొమ్మిదవ తరగతికి పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఆ పట్టికలు ముందుంచుకొని కలిసి కూర్చోవడం మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు ఉదయపు మొదటి పిరియడ్‌లోనే తప్పుతున్నాడంటే అది గణితం రాకపోవడమా, లేక చెల్లెలిని బడిలో దింపి రావలసి రావడమా అన్న ప్రశ్న అటువంటి సమావేశంలోనే పుడుతుంది. శాతాల పట్టికలో ఎన్నటికీ పుట్టదు.

2007లో 57 శాతంగా ఉన్న ఆన్-ట్రాక్ రేటు 2013 నాటికి 82 శాతానికి చేరింది. ఉపాధ్యాయులు ఉదారంగా మార్కులు వేసి అంకె పెంచారేమోనన్న సందేహం సహజంగానే కలిగింది. మెలిస్సా రోడ్రిక్, ఆమె సహచరులు 2014లో దీనిని పరిశీలించి, గట్టెక్కినవారి సంఖ్యతో పాటు పై గ్రేడులు తెచ్చుకున్నవారి సంఖ్య కూడా పెరిగిందని, పై తరగతుల్లో ఆ లాభం నిలిచిందని, మొదట కదిలిన పాఠశాలల్లో తరువాతి ఏళ్లలో పట్టభద్రుల శాతం పెరిగిందని చూపారు. ఆ నివేదికకు పెట్టిన పేరుకు నివారించగల వైఫల్యమని అర్థం. ఉన్నత పాఠశాలలో పిల్లల వైఫల్యాన్ని ప్రకృతి నియమంలా చూసే అలవాటును ఆ ఒక్క మాట ప్రశ్నించింది.

నమ్మకాన్ని కొలవడం

పనితీరు కొలతలో ఇది జరుగుతుండగా, అదే పరిశోధన సంఘం వాతావరణాన్ని కొలిచే పనిని కూడా కొనసాగించింది. ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ 2002లో వెలువరించిన గ్రంథం బడిలోని పరస్పర నమ్మకాన్ని నాలుగు అంశాలుగా విడదీసింది: ఎదుటివారి మాటను గౌరవించడం, తన పనిలో సమర్థత చూపడం, విధి నిర్వహణకు మించి ఎదుటివారి మంచి చెడ్డలు పట్టించుకోవడం, చెప్పినదానికీ చేసేదానికీ పొంతన ఉండటం. నమ్మకం గట్టిగా ఉన్న ప్రాథమిక పాఠశాలల్లో రెండింటికొకటి చొప్పున చదువులో మెరుగుపడగా, నమ్మకం బలహీనంగా ఉన్నచోట ఏడింటికొకటి మాత్రమే మెరుగుపడింది. 2010లో బ్రైక్, ఆయన సహచరులు దీనిని విస్తరించి, సమర్థ నాయకత్వం, ఉపాధ్యాయుల ఐకమత్యం, కుటుంబాల భాగస్వామ్యం, పిల్లలకు అండగా నిలిచే వాతావరణం, పట్టుదలతో కూడిన బోధన అనే ఐదు మూలాంశాలను నిర్ధారించారు. వాటిలో ఎక్కువ అంశాలు బలంగా ఉన్న బడులు మెరుగుపడే అవకాశం, బలహీనంగా ఉన్నవాటి కంటే పది రెట్లు ఎక్కువని వారి లెక్క. ఈ ఐదు అంశాలపై ఉపాధ్యాయులను, విద్యార్థులను అడిగే ప్రశ్నావళి 2013 నాటికి ఇల్లినాయ్ రాష్ట్రమంతటికీ విస్తరించింది.

ప్రశ్నావళి జవాబులను అంకెలుగా మార్చే పద్ధతి గురించి కొంత చెప్పుకోవాలి. జవాబులకు ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు వేసి కూడడం తేలికైన పని, కాని అన్ని ప్రశ్నలూ ఒకే బరువైనవి కావు. ఉపాధ్యాయులు మర్యాదగా మాట్లాడతారన్న వాక్యాన్ని ఒప్పుకోవడం సులువు. ఇంట్లో కష్టం వస్తే చెప్పుకోగలిగిన పెద్దమనిషి ఈ బడిలో ఒకరున్నారన్న వాక్యాన్ని ఒప్పుకోవడానికి ఎంతో గట్టి నమ్మకం కావాలి. డెన్మార్క్ గణితవేత్త గియోర్గ్ రాష్ 1960లో ప్రతిపాదించిన నమూనా, ప్రశ్నల ఈ సులువు, కష్టాలను, జవాబిచ్చేవారి భావబలాన్ని ఒకే కొలబద్దపై అమరుస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో బెంజమిన్ రైట్ ఈ నమూనాను ఏళ్లతరబడి బోధించి ప్రచారం చేసినందువల్ల నగర పాఠశాలల పరిశోధనలో అది స్థిరపడింది. దీనివల్ల కలిగిన లాభం, బడికి ఎంత మార్కు వచ్చిందన్నదే కాక, బడి ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో, తరువాతి మెట్టు ఏమిటో కూడా తెలియడం.

ఈ కొలత సాధారణ నమ్మకాలను సరిదిద్దిన సందర్భం ఒకటి ప్రత్యేకంగా పేర్కొనదగినది. 2011లో మాథ్యూ స్టైన్‌బర్గ్, ఆలెన్స్‌వర్త్, డేవిడ్ జాన్సన్ బడిలో భద్రతాభావంపై జరిపిన పరిశీలనలో, నేరాలు, పేదరికం ఎక్కువగా ఉన్న పేటల బడుల్లో భయం ఎక్కువగా ఉన్నమాట నిజమేనని, అయినా ఉపాధ్యాయులకు పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ బలమైన సంబంధాలున్న వెనుకబడిన బడులు, సంబంధాలు బలహీనంగా ఉన్న మెరుగైన బడుల కంటే సురక్షితంగా ఉన్నాయని తేలింది. ద్వారాల దగ్గర లోహ పరీక్షక యంత్రాలు పెట్టిన నగరంలో, భద్రతకు ఆధారం పిల్లవాడిని పేరుతో పలకరించే పెద్దలేనని చూపిన పరిశీలన ఇది.

2020లో కిరాబో జాక్సన్, ఆయన సహచరులు షికాగో తొమ్మిదవ తరగతి పిల్లల సమాచారంతోనే పనితీరును, వాతావరణాన్ని ఒకచోట చేర్చారు. పరీక్ష మార్కులు పెంచే బడులు ఒక రకం, పిల్లల్లో కలుపుగోలుతనాన్ని, పట్టుదలను, బడితో బంధాన్ని పెంచే బడులు మరో రకం. చదువు పూర్తిచేయడం, కళాశాలలో చేరడం, బడిలో అరెస్టులు తగ్గడం వంటి ఫలితాలపై రెండవ రకం ప్రభావం మొదటిదాని కంటే ఎక్కువగా కనిపించింది. మార్కులను మాత్రమే లెక్కించే విధానం, పిల్లల బతుకులను మార్చే బడులనే సాధారణ బడులుగా పొరబడే ప్రమాదముందని దీని సారాంశం.

కొలత దారి తప్పే తీరు

అదే నగరం రెండవ పాఠాన్ని కూడా నేర్పింది. ఒక సూచికను నిర్ణయాలకు ఎంత ఎక్కువగా ఆధారం చేసుకుంటే, అది అంత ఎక్కువగా వక్రీకరణకు లోనవుతుందని, తాను కొలిచే వ్యవస్థనే చెడగొడుతుందని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లోనే హెచ్చరించారు. బ్రయన్ జేకబ్, స్టీవెన్ లెవిట్ 2003లో షికాగో పరీక్షల జవాబు సరళులను విశ్లేషించి, ఏటా ప్రాథమిక పాఠశాలల తరగతుల్లో కనీసం 4 నుంచి 5 శాతంలో ఉపాధ్యాయులో నిర్వాహకులో జవాబులు మార్చిన తీవ్రమైన సందర్భాలున్నాయని చూపారు. డెరెక్ నీల్, డయాన్ షాన్జెన్‌బాక్ 2010లో అదే నగర సమాచారంతో, ఉత్తీర్ణతా రేఖకు దగ్గరలో ఉన్న పిల్లల మార్కులు పెరగగా, అట్టడుగున ఉన్నవారికి ఆ లాభం దక్కలేదని తేల్చారు. ఇది ఉపాధ్యాయుల నైతికతను గురించి తీర్పు చెప్పడానికి పేర్కొనడం లేదు. రేఖ దాటినవారి సంఖ్యనే అడిగే లెక్క, దాటించడానికి వీలైనవారిని, వీలుకానివారిని వేరుచేయమని నిశ్శబ్దంగా ఆదేశిస్తుంది. భారమంతా ఆఖరి బెంచీ మీద పడుతుంది.

ఆన్-ట్రాక్ విజయం చెప్పుకొన్న నగరంలోనే పట్టభద్రుల లెక్కకు కూడా మచ్చ పడింది. చదువు మానినవారిలో కొందరిని వేరే చోటికి బదిలీ అయినవారిగా నమోదు చేయడం 2015లో పాత్రికేయుల పరిశోధనలో బయటపడటంతో, నగర యంత్రాంగం తాను ప్రకటించిన శాతాలను తగ్గించి సవరించుకుంది. పెరుగుదల మొత్తం అబద్ధమని దీని అర్థం కాదు. ప్రతిష్ఠ ముడిపడిన అంకెను స్వతంత్రంగా తనిఖీ చేసేవారు ఉండి తీరాలని మాత్రం అర్థం.

వాతావరణ ప్రశ్నావళులకూ తమ బలహీనతలున్నాయి. సర్వే రోజున బడికి రాని పిల్లవాడు జవాబివ్వడు. బడి ఎవరిని ఎక్కువగా గాయపరిచిందో వారే ఆ రోజు లేనివారిలో ఎక్కువగా ఉంటారు. క్రమశిక్షణకు గట్టి విలువనిచ్చే బడిలో చదివే పిల్లలు తమను తాము కఠినంగా తూచుకొని తక్కువ మార్కులు వేసుకుంటారని బాస్టన్ పిల్లలపై జరిగిన పరిశీలన చూపింది. అందువల్ల ఇటువంటి సర్వేను బడి తన గతంతో తనను పోల్చుకోవడానికి వాడటం క్షేమం. బడుల మధ్య ర్యాంకులకు వాడితే, మంచి జవాబు రాయమని పిల్లలను బతిమాలే రోజు ఎంతో దూరంలో ఉండదు.

తెలుగు రాష్ట్రాల ఉన్నత పాఠశాలకు అన్వయం

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబాలు ముందుగా బడి రేటింగును చూడటం, స్వరాష్ట్రాల్లో పదవ తరగతి ఫలితాల రోజున ఉత్తీర్ణతా శాతాలతో బడుల మంచి చెడ్డలు నిర్ణయించడం ఒకే అలవాటుకు రెండు రూపాలు. పదవ తరగతి ఉత్తీర్ణతా శాతం పరీక్ష రాసినవారిలో ఎందరు గట్టెక్కారో చెబుతుంది. రాయకముందే జారిపోయినవారు ఆ లెక్కలోకే రారు. ఉదాహరణకు ఒక నగర ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతిలో 60 మంది ఉండి, పదవ తరగతి పరీక్షకు 45 మంది మిగిలి, వారిలో 43 మంది ఉత్తీర్ణులైతే ఫలితం 95 శాతం దాటినట్లు ప్రకటన వస్తుంది. చేరినవారిని పునాదిగా తీసుకొని, వేరే బడిలో చేరినట్లు రుజువున్నవారిని తీసివేసి లెక్కిస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది. ఆ 15 మందిలో ఒక్కరూ మరో బడిలో చేరలేదనుకుంటే బడి ఫలితం 72 శాతానికి మించదు. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2008లో నిర్దేశించిన పట్టభద్రుల లెక్క ఇటువంటిదే: చేరిన బృందాన్ని మొదటి నుంచి చివరి దాకా వెంబడించడం. భారతదేశంలో యూడైస్ ప్లస్ అనే పాఠశాలల సమాచార వ్యవస్థ 2022–23 నుంచి పిల్లల వారీగా వివరాలు సేకరిస్తున్నందున, ఈ లెక్కకు కావలసిన ముడిసరుకు ఇప్పుడు ఇక్కడా ఉంది.

చిన్న బడుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పాతికమంది పరీక్ష రాసే బడిలో ఒక్క పిల్లవాడికి జ్వరం వచ్చినా ఫలితం నాలుగు శాతం పడిపోతుంది. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అమెరికా సమాచారంతో 2002లో ఈ విషయాన్నే వివరంగా చూపారు: చిన్న బడుల ఫలితాలు ఏటా ఎగిరిపడటంలో యాదృచ్ఛికత పాలు ఎక్కువ. ఒక్క ఏడాది శాతంతో ప్రధానోపాధ్యాయునికి సన్మానమో సంజాయిషీ నోటీసో ఇవ్వడం, చాలాసార్లు అదృష్టాన్ని సన్మానించడం, దురదృష్టాన్ని శిక్షించడమే అవుతుంది.

దేశవ్యాప్తంగా 2021లో జరిగిన జాతీయ సాధన సర్వే, 2024లో జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ నమూనా బడులను పరిశీలించి జిల్లాల స్థాయిని తెలుపుతాయి. విధాన రూపకల్పనకు అవి అవసరం, కాని తరగతి ఉపాధ్యాయునికి ఏ పిల్లవాడి పేరూ ఇవ్వవు. 2015లో మొదలైన శాలాసిద్ధి కార్యక్రమం ఏడు రంగాల్లో బడి తనను తాను అంచనా వేసుకోవాలని కోరింది. ఆ ఆలోచన ఉదాత్తమైనది, ఎందుకంటే అది కొలబద్దను బడి చేతికే ఇస్తుంది. అయితే స్వీయ అంచనా నిజాయితీగా సాగాలంటే, తక్కువ మార్కు వేసుకున్న బడికి సహాయం అందాలి. తక్కువ మార్కుకు మందలింపు ఎదురైన మరుసటి ఏడాది నుంచి ఆ పత్రం నింపడం కేవలం లాంఛనంగా మారుతుంది.

షికాగో అనుభవాన్ని యథాతథంగా తెచ్చిపెట్టడం సరికాదు. అక్కడి క్రెడిట్ల పద్ధతి ఇక్కడ లేదు. ఇక్కడి నగర ఉన్నత పాఠశాలలో వలస వచ్చిన కూలీల పిల్లలు, పనికి పోతూ చదివే పిల్లలు, ఇంట్లో ఒక భాష మాట్లాడి తరగతిలో మరో భాషలో చదివే పిల్లలు ఉన్నారు. ఎనిమిదవ తరగతి దాకా పై తరగతులకు సాగిపోయి, తొమ్మిదిలో తొలిసారి గట్టి పరీక్షను ఎదుర్కొనేవారూ ఉన్నారు. అందువల్ల తీసుకోవలసింది సూచికను కాదు, దాని వెనుకనున్న పద్ధతిని. ఎనిమిదవ తరగతి హాజరు, తొమ్మిదవ తరగతి తొలి నిర్మాణాత్మక మూల్యాంకనంలో వెనుకబడిన విషయాలు కలిపి ఒక జాబితా చేయడానికి కొత్త యంత్రాంగం అక్కరలేదు. ఆ జాబితాలోని ప్రతి పేరు ఎదుట బాధ్యత తీసుకునే ఉపాధ్యాయుని పేరు ఉండాలి. నెలకొకసారి ఆ తరగతికి పాఠం చెప్పేవారందరూ దానిని ముందుంచుకొని కూర్చునే గంట కాలపట్టికలోనే ఉండాలి. బడిలో చెప్పుకోగలిగిన పెద్దమనిషి ఉన్నారా, దారిలో భయం ఉందా వంటి కొద్దిపాటి ప్రశ్నలకు పిల్లలు పేరు రాయకుండా జవాబివ్వగలగాలి. ఆ జవాబుల సారాంశం మొదట ఉపాధ్యాయుల సమావేశానికి, పిదప పాఠశాల యాజమాన్య కమిటీకి చేరాలి. ఈ జాబితాను ర్యాంకులకు గాని, బదిలీలకు గాని, నోటీసులకు గాని వాడబోమన్న హామీ అధికారుల నుంచి రాతపూర్వకంగా ఉండాలి. ఆ హామీ లేనిచోట మొదటి నెలలోనే జాబితా పొట్టిదవుతుంది, పిల్లలు మాత్రం జారిపోతూనే ఉంటారు.

ముగింపు

ప్రభుత్వం, పౌరసమాజం బడులను లెక్క అడగడం మానాలని ఈ ఉపన్యాసం కోరడం లేదు. లెక్క అడగనిచోట నష్టపోయేది ఎప్పుడూ పేదల పిల్లలేనని కోల్మన్ కాలం నుంచి తెలిసిన సంగతే. అడిగే లెక్కల్లో పైకి నివేదించేవి, బడిలో వాడుకొనేవి వేర్వేరుగా ఉండాలని, పైకి వెళ్ళే అంకెకు స్వతంత్ర తనిఖీ ఉండాలని, బడిలో ఉండే అంకెకు రక్షణ ఉండాలని మాత్రం షికాగో చరిత్ర స్పష్టంగా చెబుతున్నది. ఒకే నగరపు ఉపాధ్యాయ సమాజంలో, భయపెట్టిన కొలత ముందు కొందరు జవాబు పత్రాలు మార్చారు. సకాలంలో చేతికి వచ్చిన పేర్ల జాబితా ముందు మరెందరో పిల్లల ఇళ్లకు ఫోన్లు చేశారు.

ఈ విద్యాసంవత్సరంలోనూ ప్రతి నగర ఉన్నత పాఠశాలలో హాజరు పట్టీ తెరుచుకుంటుంది, పేర్లు వినిపిస్తాయి, కొన్ని పేర్లకు జవాబు రాదు. వరుసగా మూడు రోజులు జవాబు రాని పేరు ఆ నెలలోనే ఒక ఉపాధ్యాయుని ఆ ఇంటి గుమ్మం దాకా నడిపించగలిగితే, పాఠశాల పనితీరూ వాతావరణమూ ఆ ఒక్క నడకలోనే కలిసి కనిపిస్తాయి. సర్వేలూ సూచికలూ గణిత నమూనాలూ చేయవలసిన సేవ ఆ నడక ఆలస్యం కాకుండా చూడటమే.